ఇంటిపేరు అడగని గది

పోయిన భాగంలో సారా వేలంపాటల గురించి రాశాను. అది చదివి ఒక విద్యార్థి అడిగాడు: "సారా అమ్మినోళ్ల చరిత్ర చెప్పారు సార్. తాగేవాడు మానాలంటే ఎక్కడికి పోవాలి?" రెండు రోజులు జవాబివ్వలేకపోయాను. ఆ జవాబులో నేనున్నాను.

నేను తాగేవాణ్ణి. పీహెచ్‌డీ వచ్చిన ఏడాది నుంచి నాలుగేళ్లు. పొద్దున క్లాసుకి యాలక్కాయలు నములుతూ వెళ్లేవాణ్ణి. చివరికి ఒక డాక్టరు మందుల చీటీ వెనక ఒక చిరునామా రాసిచ్చారు. ఒక చర్చి వెనక గది, మంగళ, శుక్రవారాలు, సాయంత్రం ఏడు గంటలు. "ఏఏ మీటింగ్. ఫీజు లేదు, దరఖాస్తు లేదు. మానాలని ఉంటే చాలు" అన్నారు. (ఇక్కడే ఒక మాట. రోజూ బాగా తాగేవాళ్లు ఉన్నట్టుండి మానేస్తే ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. ముందు డాక్టరు, తర్వాతే మీటింగ్.)

మొదటి మంగళవారం గేటు దాకా వెళ్లి వెనక్కొచ్చేశాను. ఆపింది సిగ్గొక్కటే కాదు. ఆ గదిలో ఒక ఆసామి కొడుకు లేచి "నేను తాగుబోతుని" అంటే అది అతనొక్కడి రోగం. నేనంటే "వాళ్లంతేలే" అనే మాటకి సాక్ష్యం. ఆ మాట స్టాఫ్‌రూముల్లో నవ్వుతూ అనగా విన్నవాణ్ణి.

ఈ భయం నాతో పుట్టింది కాదు. 1840 ఏప్రిల్‌లో అమెరికాలోని బాల్టిమోర్‌లో ఆరుగురు తాగుబోతులు ఒక మద్యం దుకాణంలోనే కూర్చుని ఇక తాగమని ఒట్టేసుకున్నారు. వాషింగ్టోనియన్లు అని పేరు పెట్టుకున్నారు. పాస్టరు ప్రసంగం కాదు, తాగినవాడే తన కథ చెప్పుకోవడం వాళ్ల పద్ధతి. అది ఊరూరా పాకింది. నల్లవాళ్లు కూడా సొంతంగా మద్య వ్యతిరేక సంఘాలు పెట్టుకున్నారు. 1842 ఆగస్టు 1న ఫిలడెల్ఫియాలో ఆ సంఘాలవాళ్లు ఊరేగింపు తీస్తే తెల్లమూక మీద పడి కొట్టింది. వాళ్ల హాలునీ, చర్చినీ తగలబెట్టింది. తాగితే తిట్టారు, మానతామంటే కొట్టారు. మంచి చొక్కా వేసుకున్నందుకు దెబ్బలు తిన్న ఊళ్ల నుంచి వచ్చినవాళ్లం, మనకిది విడమరిచి చెప్పక్కర్లేదు.

బానిసత్వం నుంచి తప్పించుకొచ్చిన ఫ్రెడరిక్ డగ్లస్ 1846లో లండన్‌లో జరిగిన ప్రపంచ మద్య వ్యతిరేక సభలో ఈ సంగతి బయటపెట్టాడు. అమెరికా నుంచి వచ్చిన పాస్టరుకి కోపమొచ్చింది. అంతకు ముందు ఏడాది వచ్చిన ఆత్మకథలో డగ్లస్ ఇంకోటి రాశాడు. క్రిస్మస్ సెలవుల్లో యజమానులే బానిసలకి తాగబోసి, ఎవడు ఎక్కువ తాగుతాడో అని పందేలు కాసేవాళ్లట. అది చదువుతుంటే మా నాయన గుర్తొచ్చాడు. నాట్ల రోజుల్లో ఆసామి కూలితో పాటు సారా ప్యాకెట్ చేతిలో పెట్టేవాడని అమ్మ చెప్పేది.

ఇప్పటి ఏఏ 1935లో ఓహాయోలోని ఏక్రన్‌లో మొదలైంది. న్యూయార్క్ షేర్ల వ్యాపారి బిల్, అక్కడి సర్జన్ బాబ్ ఒకరికొకరు తోడుగా మానారు. ఇద్దరూ తెల్లవాళ్లే. పదేళ్ల తర్వాత, 1945లో, వాషింగ్టన్‌లో జిమ్ అనే నల్లజాతి డాక్టరు, ఇంకొందరూ కలిసి తమ గుంపు పెట్టుకున్నారు. మొదట ఒకరింట్లో కూడారు, తర్వాత గది కోసం తిరిగారు. తాగుడు మానడానికి ముందు కూర్చోవడానికి చోటు కావాలి. మన దేశానికి ఏఏ 1957లో బొంబాయికి వచ్చింది. మా వాడకి రాలేదు.

శుక్రవారం మళ్లీ వెళ్లాను. ప్లాస్టిక్ కుర్చీలు, ఫ్లాస్కులో టీ, పదకొండు మంది. పేరు చెబితే చాలు. మన దగ్గర పేరు తర్వాత వచ్చే రెండో ప్రశ్న అక్కడ రాలేదు. మీటింగ్ అయ్యాక గేటు బయట మాత్రం వచ్చింది: "మీదే ఊరు మాస్టారూ? ఊళ్లో ఎటేపు?" గది నియమం గుమ్మం దాకే. ఐదు నెలలు ఆ ప్రశ్న దాటేస్తూ వచ్చాను. తాగుడు గురించి నిజం చెబుతూ, ఊరు గురించి అబద్ధం.

ఆరో నెలలో గదిలోనే చెప్పాను. మాది అరుంధతివాడ అని, స్టాఫ్‌రూము గురించి, నాయన గురించి. ఎవరూ ఏమీ అనలేదు. గేటు దగ్గర ఒక ఆటో డ్రైవర్ ఆగి, "అన్నా, మాదీ వాడే. ఇట్టాంటిది మన దగ్గర పెట్టగలమా?" అన్నాడు.

మాది నెల్లూరు జిల్లా. అమ్మ అక్షర దీపం రాత్రిబడిలో అక్షరాలు దిద్దింది. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా ఆపిన కబురు రాగానే, మా ఊరి దుకాణం ముందు కూర్చున్నవాళ్లలో ఆమె ఉంది, చంకలో నేను. 1993 ఏప్రిల్‌లో మా జిల్లాలో, అక్టోబర్‌లో రాష్ట్రమంతా సారా నిషేధించారు. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం 1997లో పోయింది. ప్యాకెట్ పోయింది, సీసా వచ్చింది. అమ్మకి ఆ సీసా తెచ్చినవాణ్ణి నేనే.

ఇప్పుడు మా వాడ బడి వరండాలో శనివారం రాత్రి కూడుతున్నాం. మొదటిసారి నలుగురం. ఇది తాగేవాళ్లకే, నువ్వు రాకూడదమ్మా అన్నాను.

"దుకాణం మూపించినప్పుడు ఎవురి పర్మిషనూ అడగలా నాయనా" అని అరుగు మీద కూర్చుంది.