తల తెగిన దేవత: ‘లా కిమేరా’కు వ్యాఖ్యానం

ఇటలీ దర్శకురాలు ఆలిచే రోర్వాకర్ తీసిన ‘లా కిమేరా’ 2023లో కాన్ చిత్రోత్సవంలో పోటీకి నిలిచింది. 1980ల ఇటలీలో, అక్కడి ప్రాచీన ప్రజలైన ఎట్రుస్కన్ల సమాధుల చుట్టూ నడిచే కథ. అందులోని అయిదు మాటలకు అర్థం విప్పుకుందాం.

కిమేరా: గ్రీకు పురాణాల్లో సింహం, మేక, పాము కలిసిన ఆడ మృగం. ఎట్రుస్కన్లు పోతపోసిన దాని కంచుబొమ్మ 1553లో అరెట్సోలో బయటపడింది. ఇటాలియన్ వాడుకలో ఈ మాటకు అందని ఆశ అని అర్థం. కథానాయకుడు ఆర్థర్‌కు ఆ ఆశ పోగొట్టుకున్న ప్రేయసి బెన్యమీనా. అతనితో కలిసి సమాధులు తవ్వే ముఠాకు డబ్బు.

తొంబరోలి: ‘తొంబా’ అంటే సమాధి. తొంబరోలి అంటే సమాధులు తవ్వి, వాటిలో దొరికినవి అమ్ముకునేవాళ్లు. మనం గుప్తనిధుల ముఠాలు అంటామే, అలాంటివాళ్లు. భూమిలో దొరికిన పురావస్తువు ప్రభుత్వానిదని ఇటలీలో 1909 నుంచే చట్టం ఉంది.

స్పార్టాకో: దొంగసొత్తు కొనే పెద్ద వ్యాపారి. పేరు విని మగవాడనుకుంటాం. తీరా చూస్తే ఆడమనిషి. ఆడది కాబట్టి జాలిపడుతుందని దర్శకురాలు సర్దిచెప్పలేదు. ఆ నిజాయితీకి నా నమస్కారం. దురాశకు ఆడా మగా లేదు. తిలాపాపం తలా పిడికెడు. లాభం దగ్గర మాత్రం తవ్వినవాడి పిడికిలి చిన్నది.

తల: సముద్రతీరంలోని సమాధిలో చెక్కుచెదరని దేవత విగ్రహం దొరుకుతుంది. మొత్తం మోయలేక మెడ దగ్గర విరగ్గొడతారు. శతాబ్దాలు చీకట్లో నిలిచిన స్త్రీమూర్తి ఒక్క దెబ్బతో రెండు ముక్కల సరుకైపోతుంది. చివరికి ఆ తలను ఆర్థర్ నీళ్లలోకి విసిరేస్తాడు. మ్యూజియానికి ఇవ్వొచ్చు కదా అంటే, అదీ న్యాయమైన మాటే. కానీ ‘ఇది ఎవరిది’ అని అడిగేముందు ‘ఎవరి కోసం చేశారు’ అని అడగాలి. చనిపోయినవాళ్లకని చేసినదాన్ని చూసే హక్కు, తవ్వగలిగినంత మాత్రాన మనకు రాదు.

స్టేషన్: సమాధి దోపిడీ చూసి మండిపడే మనిషి ఇటాలియా. పాట నేర్చుకుంటూ ఒకరింట ఊడిగం చేసే ఆమె, తర్వాత పాడుబడ్డ రైల్వే స్టేషన్‌లో ఆడవాళ్లతో, పిల్లలతో కాపురం పెడుతుంది. అదీ ఎవరో వదిలేసిన పాత కట్టడమే. ఆమె అందులోంచి ఏదీ పెకలించి అమ్మలేదు, దాన్ని ఇల్లు చేసింది. అక్కడ చోటు దొరికినా ఆర్థర్ నిలవడు. మళ్లీ తవ్వకానికే వెళ్తాడు. ఈసారి మట్టి అతని వెనకాలే కూలుతుంది.