గెట్ల మీది సీతాఫలం ఎక్కడిది?

పాలమూరు గెట్ల మీది చెట్ల గురించి రాసేవాళ్ళు సీతాఫలం దగ్గరికి రాగానే రెండు కథల్లో ఏదో ఒకటి ఎత్తుకుంటారు. వనవాసంలో సీతమ్మ తిన్న పండు అని ఒకటి, నిజాం కాలంలో నాటించారని మరొకటి. రెండూ నాకు మింగుడుపడవు.

రేగు, పరికి, కలివి, ఈత, నేరేడు ఈ నేలకు పాతకాపులే, వాటితో పేచీ లేదు. సీతాఫలం మాత్రం అమెరికా ఖండం చెట్టు. పోర్చుగీసు ఓడల్లో వచ్చిందని వృక్షశాస్త్రజ్ఞుల్లో ఎక్కువమంది మాట. పోర్చుగీసువాళ్ళకు ఎంతో ముందటి భార్హుత్ స్తూపం శిల్పాల్లో ఈ పండు ఉందని 1879లో పురావస్తు పరిశోధకుడు కన్నింగ్‌హామ్ అడ్డుచెప్పాడు. ఉత్తరప్రదేశ్‌లోని టోక్వా తవ్వకాల్లో మాడిన సీతాఫలం గింజ దొరికిందనీ, కొలంబస్‌కు ముందే సముద్రం దాటి వచ్చి ఉండొచ్చనీ 2009లో పరిశోధకులు ప్రకటించారు. శిల్పంలో బొడిపెలున్న పండు పనస కూడా కావచ్చు. గింజను అంత తేలిగ్గా తోసెయ్యలేం. అయినా ఒక్క గింజ మన గుట్టలు ఎలా నిండాయో చెప్పదు.

అది తెలియాలంటే మేకల మందను చూడాలి. ముళ్ళున్నా రేగుకొమ్మను వదలని మేక సీతాఫలం ఆకు జోలికి పోదు. ఆకు నలిపితే ఘాటు, గింజలో విషం. ఆ గింజలే నూరి పేలకు తలకు పట్టిస్తారు, కంట్లో పడితే మాత్రం ప్రమాదం. వంటచెరకుకు కొట్టగా, మందలు మేయగా మిగతా పొదలు పలచబడ్డాయి, మేక ముట్టని ఈ చెట్టుకు చోటు దొరికింది. నరికినా మోడు చిగురిస్తుంది. గెట్టు మీద కూర్చుని తిని ఊసిన గింజ వానలకు మొలుస్తుంది. ఎవరూ నాటక్కర్లేదు. మేకే ఏకైక కారణమని నేననను, రాతినేలనూ కరువునూ ఓర్చుకునే గుణం దానికి మొదటినుంచీ ఉంది. కానీ సీతాఫలం దట్టంగా ఉన్న గుట్టను చూసి అడవి పచ్చగా ఉందని మురిసిపోవడం పొరపాటు. చాలాచోట్ల అది అడవి చితికిపోయిందనడానికి గుర్తు.

ఇప్పుడు ఆ చితికినదీ మిగలడం లేదు. ట్రాక్టరు తిరగాలని గెట్లు దున్నేస్తున్నారు, 44వ జాతీయ రహదారి పక్క చేలు ప్లాట్లయ్యాయి. మిగిలిన చెట్ల కాయలను కండ్లు తెరవకముందే తెంపి పట్నం పంపుతున్నారు. అవి మాగవు, నల్లబడతాయి. ఉద్యాన పుస్తకాలకెక్కిన బాలానగర్ రకం ఈ జిల్లా ఊరి పేరిటిదే. నేడు దాన్ని మహారాష్ట్ర రైతులు తోటలుగా పెంచుతున్నారు. ఇక్కడ మాత్రం గెట్టు చెట్టంటే కట్టెల లెక్కే.