జీతగాడి పేరు బడి రిజిస్టర్‌లో ఎలా ఎక్కింది? (వాడ నుంచి చరిత్ర – 9)



ఈ మధ్య ఒక హాస్టల్‌లో మాట్లాడుతుంటే ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, బాలకార్మిక నిషేధ చట్టం ఉంది కదా, మన వాడ పిల్లలు ఇంకా పనిలో ఎందుకున్నారు?" ఒక్క మాటలో చెప్పలేకపోయాను. చరిత్రలోకి పోతేనే జవాబు దొరుకుతుంది.

1933లో బ్రిటిష్ ప్రభుత్వం పిల్లల శ్రమను తాకట్టు పెట్టడాన్ని నిషేధిస్తూ చట్టం చేసింది. అప్పు తీసుకుని 15 ఏళ్లలోపు పిల్లల్ని పనికి కుదిర్చే ఒప్పందం చెల్లదన్నది. కుదిర్చిన తల్లిదండ్రులకు 50 రూపాయల వరకు, పని చేయించుకున్న యజమానికి 200 వరకు జరిమానా. అంటే అప్పులో కూరుకుపోయిన తల్లి కూడా దోషే! పని మానిపించాక ఆ పిల్లవాడు ఎక్కడికి పోవాలో మాత్రం ఆ చట్టంలో ఒక్క ముక్క లేదు.

ఇటు నిజాం రాజ్యంలో అప్పు కింద దొర దగ్గర పడి ఉండే జీతగాళ్లను భగేలాలు అనేవారు. వాళ్లలో ఎక్కువమంది మాల, మాదిగ, ఆదివాసీలే. 1936లో భగేలా ఒప్పందాల మీద నియంత్రణ వచ్చింది. 1976లో దేశమంతటా వెట్టిచాకిరీ రద్దయింది. అయినా తండ్రి బాకీకి కొడుకు బర్రెలు కాస్తూనే ఉన్నాడు.

ఎందుకు? 1986 బాలకార్మిక చట్టం చూడండి. కొన్ని పనుల జాబితా ఇచ్చి వాటిలోనే నిషేధమన్నది. పసులు కాసే పిల్లవాడు, ఇంట్లో చెల్లెల్ని ఎత్తుకుని బడి మానేసిన ఆడపిల్ల ఆ జాబితాలో లేరు. మన పిల్లలు ఎక్కువగా చేసే పని చట్టం కంటికి పనే కాదు.

ఈ లెక్కను తిప్పిరాసింది 1991లో రంగారెడ్డి జిల్లా పల్లెల్లో మొదలైన పని. ప్రొఫెసర్ శాంతా సిన్హా నాయకత్వంలోని ఎం.వి. ఫౌండేషన్ ఒక్క మాట చెప్పింది: బడిలో లేని ప్రతి పిల్లా బాలకార్మికులే. ఇక జాబితాతో పని లేదు. శాంతా సిన్హాకు 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. 2007లో జాతీయ బాలల హక్కుల కమిషన్‌కు తొలి అధ్యక్షురాలయ్యారు. అది అందరికీ తెలిసిన చరిత్ర. నేను చెప్పదలచుకున్నది ఊళ్లలో తిరిగిన కార్యకర్తల గురించి. వాళ్లలో చాలామంది తమ ఇంట్లో మొదటిసారి చదువుకున్న యువతీయువకులు.

వాళ్లు ఇల్లిల్లూ తిరిగి బడిలో లేని పిల్లల పేర్లు రాశారు. తల్లిదండ్రులతో మాట్లాడారు, యజమానితో మాట్లాడారు. పదేళ్ల పిల్లవాణ్ణి ఒకటో తరగతిలో కూర్చోబెడితే సిగ్గుతో పారిపోతాడని శిబిరాలు పెట్టి, వయసుకు తగ్గ తరగతికి సిద్ధం చేశారు. టీచర్లు బాలకార్మిక విమోచన వేదికగా ఏర్పడ్డారు. ఊళ్లో బాలల హక్కుల పరిరక్షణ వేదికలు నిలబడ్డాయి. సమన్వయం అంటే ఇదే: పిల్లవాడి చేయి ఒకరు వదిలేలోపే ఇంకొకరు పట్టుకోవడం.

ఇప్పుడు ఆ గొలుసు చట్టంలోకే వచ్చింది. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం ఆపదలో ఉన్న పిల్లల్ని 24 గంటల్లో, ప్రయాణ సమయం కాక, బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరుపరచాలి. సామాజిక కార్యకర్త ఇంటి పరిస్థితి విచారించడం 15 రోజుల్లో పూర్తి కావాలి. నాలుగు నెలల్లో కమిటీ తుది నిర్ణయం ఇవ్వాలి.

కాగితం మీద బాగుంది. రెండేళ్ల కిందట ఒక కోళ్లఫారంలో పదకొండేళ్ల బాబు ఉన్నాడని తెలిసి వెళ్లాం. తండ్రి అడ్వాన్సు తీసుకున్నాడు. ఒక ఆఫీసు, వెట్టి సంగతి మాది కాదంది. ఇంకో ఆఫీసు వయసు రుజువు తెమ్మంది. బడి టీసీ అడిగింది. ప్రతి ఒక్కరూ తమ పని తాము చేశామన్నారు. ఈ లోపల బాబు మళ్లీ ఫారానికే పోయాడు. రెండోసారి తీసుకొచ్చాక అందరినీ ఒకే గదిలో కూర్చోబెట్టి, ఎవరు ఏ రోజుకు ఏం చేయాలో రాయించుకున్నాం. అప్పుడు గానీ ఫైలు కదల్లేదు.

కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ మూడు గుర్తుంచుకోండి. వయసు కాగితం లేదని, టీసీ రాలేదని బడి కాదనకూడదు. 2009 విద్యాహక్కు చట్టం మన పక్షం. వెట్టి విముక్తి పత్రం కలెక్టర్ లేదా ఆర్డీవో నుంచి అడిగి తీసుకోవాలి. ఎస్సీ, ఎస్టీలతో ఇతరులు వెట్టి చేయించుకుంటే అట్రాసిటీ చట్టం కింద కూడా నేరం. ఎఫ్‌ఐఆర్‌లో ఆ సెక్షన్ పడిందో లేదో చూడండి.

2016 సవరణ 14 ఏళ్లలోపు పిల్లలకు అన్ని పనులూ నిషేధించింది. కానీ బడి వేళ అయ్యాక 'కుటుంబ పని' చేయొచ్చంటూ ఒక దొడ్డిదారి వదిలింది. తరతరాలుగా చెప్పులు కుట్టడం, పసులు కాయడం మన కుటుంబాల పనే అన్నారు కదా! ఆ దొడ్డిదారి ఎవరి వాడలోకి తెరుచుకుంటుందో వేరే చెప్పాలా?

ఈ సెలవుల్లో ఊరికి పోయినప్పుడు మీ వాడలో బడిలో లేని పిల్లల పేర్లు రాయండి. గొలుసులో మొదటి కొక్కెం ఆ కాగితమే.