డెస్క్‌టాప్ లినక్స్ ఎక్కడ ఓడిపోయింది?

"ఈ ఏడాది డెస్క్‌టాప్ లినక్స్‌దే" అనే మాట మన ఫీల్డులో పాతికేళ్ళుగా జోకుగా నలుగుతోంది. జనవరిలో ఎవరో ఒకరు అంటారు, డిసెంబరుకల్లా అందరూ మర్చిపోతారు. విచిత్రమేంటంటే అదే లినక్స్ మిగతా అన్నిచోట్లా గెలిచి కూర్చుంది. 2017 నవంబరు నుంచి ప్రపంచంలోని మొదటి 500 సూపర్ కంప్యూటర్లలో ప్రతి ఒక్కటీ లినక్స్ మీదే నడుస్తోంది. మన జేబులోని ఆండ్రాయిడ్ ఫోను అడుగున ఉన్నదీ ఆ కెర్నెలే. నేను పొద్దున్నే ఆఫీసుకెళ్ళి లాగిన్ అయ్యే సర్వర్లన్నీ లినక్సే, మీవీ అంతే అయ్యుంటాయి. ఒక్క టేబుల్ మీది కంప్యూటర్ దగ్గరకొచ్చేసరికి మాత్రం, స్టాట్‌కౌంటర్ లెక్కల్లో 4 శాతం దాటడానికి 2024 ఫిబ్రవరి దాకా పట్టింది.

ఎందుకిలా అంటే రెడీమేడ్ జవాబులు రెండున్నాయి. లినక్స్ అభిమానులు "అంతా మైక్రోసాఫ్ట్ కుట్ర" అంటారు. అవతలివాళ్ళు "వాడటం కష్టం, అంతే" అంటారు. రెండిట్లోనూ కొంత నిజం లేకపోలేదు. కానీ చరిత్ర తిరగేస్తే నాకు అర్థమైంది ఒకటే. కంప్యూటర్ కొనేవాడు ఆపరేటింగ్ సిస్టమ్‌ని ఎంచుకోడు. డబ్బాతోపాటు ఏదొస్తే అదే వాడతాడు. కాబట్టి ఆట మొత్తం కంప్యూటర్ తయారుచేసేవాడి గేటు దగ్గరే అయిపోయింది. జనం ముందుకి వచ్చేసరికి ఫలితం కూడా వచ్చేసింది.

ఇదేదో నా ఊహ అనుకోకండి. 1991లో లినస్ టోర్వాల్డ్స్ హెల్సింకీలో కూర్చుని కెర్నెల్ రాసేనాటికే ఆ గేటుకి తాళం పడి ఉంది. అప్పట్లో మైక్రోసాఫ్ట్ కంప్యూటర్ కంపెనీలతో "పర్ ప్రాసెసర్" లైసెన్సు అని ఒకటి రాయించుకునేది. ఫలానా ప్రాసెసర్‌తో నువ్వు అమ్మే ప్రతి మెషీనుకీ మాకు డబ్బు కట్టాలి, అందులో మా డాస్ వేశావా లేదా అన్నది అనవసరం. ఇక ఆ కంపెనీ ఇంకో సిస్టమ్ వేసి అమ్మిందంటే రెండుచోట్ల డబ్బు కట్టుకోవాలన్నమాట. ఏ వ్యాపారస్తుడు కడతాడు చెప్పండి? 1994లో అమెరికా న్యాయశాఖ జోక్యం చేసుకుని, రాజీ ఒప్పందంలో ఈ పద్ధతి మాన్పించింది. కానీ అప్పటికే ఊరంతా ఒకే దుకాణానికి అలవాటు పడిపోయింది.

పద్ధతి మారింది గానీ బుద్ధి మారలేదు. 1998లో మొదలైన యాంటీట్రస్ట్ కేసులో జడ్జి జాక్సన్ 1999 నవంబరులో రాసిన నిర్ధారణలు తీరికుంటే చదవండి, డిటెక్టివ్ నవలకేం తీసిపోవు. ఐబీఎం అంతటి కంపెనీకి విండోస్ 95 లైసెన్సు దొరికింది ఎప్పుడో తెలుసా? 1995 ఆగస్టు 24న, ఆవిష్కరణ సభ మొదలవడానికి పదిహేను నిమిషాల ముందు! ఐబీఎం చేసిన తప్పల్లా సొంత ఓఎస్/2నీ, సొంత ఆఫీసు సాఫ్ట్‌వేర్‌నీ వదులుకోకపోవడమే. ఐబీఎంకే ఆ గతి పట్టాక, మిగతా కంపెనీలకి వేరే పాఠం చెప్పాలా?

బీఓఎస్ అనే ఇంకో బుల్లి సిస్టమ్ కథ ఇంకా ఘోరం. హిటాచీ తన మెషీన్లలో విండోస్ పక్కనే దాన్ని కూడా వేసి అమ్మింది. కానీ స్విచ్ వేస్తే రెండిట్లో ఏది కావాలని అడిగే మెనూ రాదు. లోపల ఉన్నట్టు కూడా కొన్నవాడికి తెలీదు. బీ కంపెనీ 2002లో కోర్టుకెళ్ళింది, 2003లో మైక్రోసాఫ్ట్ 2 కోట్ల 32 లక్షల డాలర్ల పైచిలుకు ఇచ్చి రాజీ చేసుకుంది. అప్పటికి బీ అమ్ముడుపోయి, దుకాణం సర్దేసింది కూడా. గెలిచాక తినడానికి మనిషి లేని విందులాంటిది ఆ రాజీ.

ఇహ లినక్స్ సంగతి. 1996లో జర్మనీలో మత్తియాస్ ఎట్రిచ్ కేడీఈ మొదలెట్టాడు. అంతవరకూ కమాండ్లతోనూ, పొంతన లేని కిటికీలతోనూ సరిపెట్టుకున్నవాళ్ళకి ఒకే తీరు మెనూలూ కిటికీలూ వచ్చాయి. ఏం లాభం? అది ఆధారపడిన క్యూటీ లైబ్రరీ లైసెన్సు పూర్తి స్వేచ్ఛ ఇచ్చేది కాదని గొడవ లేచి, 1997లో మిగెల్ డి ఇకాజా వాళ్ళు గ్నోమ్ మొదలెట్టారు. 2000లో క్యూటీ కూడా జీపీఎల్ కిందకి వచ్చేసింది. అంటే తగాదాకి కారణం పోయింది, తగాదా మాత్రం మిగిలింది. మనకి బాగా తెలిసిన అన్నదమ్ముల పొలం గట్టు వ్యవహారమే. గట్టు మీద చెట్టు పడిపోయినా కోర్టు వాయిదాలు ఆగవు.

ఈలోగా రెడ్మండ్‌లో గుబులు మొదలైంది. 1998లో బయటపడి "హాలోవీన్ పత్రాలు"గా పేరుపడిన మైక్రోసాఫ్ట్ అంతర్గత నివేదికలు చూడండి. ఓపెన్ సోర్స్ నాణ్యతలో ఏమీ తక్కువ కాదనీ, ఉత్తి పుకార్లతో దాన్ని దెబ్బతీయలేమనీ వాళ్ళే రాసుకున్నారు. అందరూ వాడుకునే ప్రోటోకాల్స్‌కి తమ సొంత తోకలు తగిలించి అవతలివాణ్ణి దూరం పెట్టాలన్న ఆలోచన కూడా అందులోనే ఉంది. 2001లో స్టీవ్ బామర్ లినక్స్‌ని క్యాన్సర్‌తో పోల్చాడు. 2003లో లినక్స్‌లో తమ యునిక్స్ కోడ్ ఉందంటూ ఎస్సీఓ అనే కంపెనీ ఐబీఎం మీద కేసేసింది. ఆ కేసు 2021 దాకా ఈడ్చుకుంటూ పోయింది. అసలు ఆ యునిక్స్ కాపీరైట్లు ఎస్సీఓవి కావనీ, నోవెల్‌వనీ మధ్యలోనే తేలిపోయింది. అయినా "లినక్స్ వాడితే లీగల్ చిక్కులొస్తాయేమో" అన్న అనుమానం చాలాకాలం మేనేజర్ల మనసుల్లో ఉండిపోయింది. మేనేజర్‌కి అనుమానం చాలు, తీర్పు అక్కర్లేదు.

మధ్యలో లిండోస్ అనే సరదా కథ ఒకటి. 2002లో అమెరికాలో వాల్‌మార్ట్ 199 డాలర్లకే లిండోస్ వేసిన పీసీ అమ్మింది. పేరు మా పేరులా ఉందని మైక్రోసాఫ్ట్ అప్పటికే, 2001 డిసెంబరులోనే, కేసేసింది. తీరా చూస్తే, "విండోస్" అన్నది మామూలు మాటా, ట్రేడ్‌మార్కా అన్న దగ్గరికే వచ్చింది వ్యవహారం. చివరికి 2004లో కేసు వేసినవాళ్ళే 2 కోట్ల డాలర్లు ఇచ్చి, లిండోస్ చేత పేరు మార్పించుకున్నారు!

నా దృష్టిలో అసలు మలుపు మాత్రం 2007. ఆ జనవరిలో విస్టా వచ్చింది, దాన్ని మోయలేక మెషీన్లు మూలిగాయి. అక్టోబరులో ఆసుస్ ఈపీసీ వచ్చింది. ఏడంగుళాల తెర, 4 జీబీ ఫ్లాష్, లోపల జాండ్రోస్ లినక్స్. అంత చిన్న మెషీన్ మీద విస్టా నడవదు. ఎక్స్‌పీ అమ్మకాలేమో 2008 జూన్‌తో ఆపేస్తామని మైక్రోసాఫ్టే ప్రకటించి ఉంది. అంటే చరిత్రలో మొదటిసారి గేటు తెరుచుకుంది, కాపలావాడి చేతిలో కర్ర కూడా లేదు.

అప్పుడేమైంది? 2008 ఏప్రిల్లో మైక్రోసాఫ్ట్ మాట మార్చింది. చవక బుల్లి కంప్యూటర్లకి మాత్రం ఎక్స్‌పీ హోమ్‌ని 2010 దాకా ఇస్తామంది. 2009 మొదట్లో అమెరికాలో అమ్ముడయ్యే నెట్‌బుక్కుల్లో నూటికి 90కి పైగా విండోస్‌వే. ఏడాదిన్నరలో ఆట ముగిసింది. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఇందులో మనవాళ్ళ పాత్ర తక్కువేం కాదు. అవతలివాడు విస్టాతో తడబడుతున్నప్పుడు, 2008 జనవరిలో కేడీఈ 4.0 సగం ఉడికిన అన్నంలా బయటికొచ్చింది. 2011లో గ్నోమ్ 3 వచ్చి, అలవాటైన డెస్క్‌టాప్‌ని మళ్ళీ మొదటినుంచి మార్చేసింది. కొత్తవాడికి కావలసింది నిలకడ. మనం చూపించింది ప్రయోగాలు.

మన ఊళ్ళ కథ ఇంకోలా నడిచింది. ఇక్కడ లినక్స్‌కి పోటీ డబ్బిచ్చి కొన్న విండోస్ కానే కాదు, ఉచితంగా వేసిన దొంగ విండోస్. అసెంబుల్డ్ సిస్టమ్ కొంటే షాపు కుర్రాడు అడక్కుండానే విండోస్, ఆఫీస్, ఫోటోషాప్ వేసి ఇచ్చేవాడు. "లినక్స్ ఉచితమండీ" అని ఎవరికైనా చెబితే, "ఇదీ ఉచితమేగా" అనేవారు. ఏం జవాబు చెప్తాం? ఎలాగూ దొంగిలించేట్టయితే మాదే దొంగిలించడం మేలని 1998లో బిల్ గేట్స్ వాషింగ్టన్ యూనివర్సిటీలో చైనా గురించి ఊరికే అన్నాడా! దానికి తోడు డయలప్ రోజుల విన్‌మోడెమ్‌లు. పనంతా విండోస్ డ్రైవర్‌కి వదిలేసే ఆ చవక మోడెమ్‌లు లినక్స్‌లో పలికేవి కావు. డ్రైవర్ దించుకుందామంటే నెట్ కావాలి, నెట్ రావాలంటే డ్రైవర్ కావాలి.

ఇక తెలుగు అచ్చు సంగతి. మన డీటీపీ సెంటర్లు పేజ్‌మేకర్, అను ఫాంట్ల మీద నడిచాయి. ఆ ఫాంట్లు యూనికోడ్ కావు, ఆ సాఫ్ట్‌వేర్ లినక్స్‌లోకి రాదు. ఆడోబీ పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7 వచ్చింది 2001లో. ఆ తరవాత కూడా ఏళ్ళ తరబడి పెళ్ళి శుభలేఖల నుంచి కథల పుస్తకాల దాకా అందులోనే అచ్చయ్యాయి. ఆ ఫైళ్ళలో ఉన్న తెలుగుని ఈనాటికీ మార్పిడి చెయ్యకుండా వెతకలేం. హైదరాబాదులో స్వేచ్ఛ బృందం లాంటివాళ్ళు ఓపిగ్గా లినక్స్‌లో తెలుగు మెనూలు తెచ్చారు, వాళ్ళకి దణ్ణం పెట్టాలి. కానీ డీటీపీ ఆపరేటర్‌కి కావలసింది మెనూ కాదు, తన పాత ఫైలు తెరుచుకోవడం. ఫార్మాట్ ఎవడి చేతిలో ఉంటే మనమూ వాడి చేతిలోనే.

ఈ ఫార్మాట్ గొలుసు ఎంత గట్టిదో చూడాలంటే మ్యూనిక్ వెళ్ళాలి. 2003లో ఆ నగరపాలక సంస్థ 14,000 కంప్యూటర్లని విండోస్ నుంచి లినక్స్‌కి మారుస్తామంది. బామర్ స్కీయింగ్ సెలవు మధ్యలో వదిలేసి మేయర్ క్రిస్టియన్ ఊడెని కలవడానికి పరిగెత్తుకొచ్చాడు. ధర తగ్గిస్తామన్నా వాళ్ళు వినలేదు. పదేళ్ళు తంటాలు పడి 2013లో పని పూర్తిచేశారు. బయటి ఆఫీసులన్నీ మాత్రం ఇంకా వర్డ్, ఎక్సెల్ ఫైళ్ళే పంపేవి. 2014లో మేయర్ మారాడు. 2016లో మైక్రోసాఫ్ట్ జర్మనీ ప్రధాన కార్యాలయం మ్యూనిక్ నగరంలోకే వచ్చింది. 2017 నవంబరులో కౌన్సిల్ మళ్ళీ విండోస్‌కి ఓటేసింది. కన్సల్టెంట్ల నివేదికేమో అసలు సమస్య నగరం ఐటీ శాఖల నిర్వహణలో ఉందని చెప్పింది! 2020లో వచ్చిన కొత్త కూటమి వీలైనచోట ఓపెన్ సోర్సే వాడాలని ఒప్పందం రాసుకుంది. అదే దేశంలో ష్లెస్విగ్-హోల్‌స్టైన్ రాష్ట్రం 30,000 కంప్యూటర్లని లిబ్రేఆఫీస్‌కీ, తరవాత లినక్స్‌కీ మారుస్తామని 2024లో ప్రకటించింది. అంటే ఈ ఆటకి ఇంకా చివరి విజిల్ పడలేదు.

"మరి ఇప్పుడు మైక్రోసాఫ్ట్ మారిపోయిందిగా, లినక్స్ అంటే ప్రేమట" అంటారా? నిజమే. 2014లో మన హైదరాబాదు పబ్లిక్ స్కూల్లో చదివిన సత్య నాదెళ్ళ పగ్గాలు పట్టాక ఆ మాట స్టేజీ మీద తెర పైనే వేసి చూపించాడు. 2016లో విండోస్ లోపలే లినక్స్ నడపడం మొదలైంది. 2018లో గిట్‌హబ్‌ని కొన్నారు. ఓపెన్ సోర్స్ విషయంలో చరిత్రలో తప్పు వైపు నిలబడ్డామని 2020లో బ్రాడ్ స్మిత్ ఒప్పుకున్నాడు. అబద్ధమని నేననను. కానీ ఆ ప్రేమ సర్వర్ మీద, అజ్యూర్ మీద, డెవలపర్ల మీద. గేటు సంగతి అడగండి. 2012లో విండోస్ 8తో వచ్చిన సెక్యూర్ బూట్ వల్ల, మామూలు పీసీలో ఉబుంటు బూట్ అయ్యేటప్పుడు లేచే మొదటి ముక్క మీద ఈరోజుకీ మైక్రోసాఫ్ట్ సంతకమే ఉంటుంది.

గేటు దాటిన చోట లినక్స్ ఏమైందో కూడా చూడాలి. ఆండ్రాయిడ్, 2011 నుంచి క్రోమ్‌బుక్, 2022లో స్టీమ్ డెక్... ఫ్యాక్టరీలోనే వేసి ఇచ్చారు, ఒక్కరూ "కష్టం" అనలేదు. స్టీమ్ డెక్‌లో ఆడుకునే పిల్లలు చాలామందికి తాము లినక్స్ వాడుతున్నామనే తెలీదు. దీనికంటే పెద్ద రుజువు ఏం కావాలి?

ఇదంతా పాత చరిత్ర తవ్వుకోవడం కాదు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు సపోర్టు అయిపోయింది. టీపీఎం 2.0 లేదనో, ప్రాసెసర్ పాతదనో, శుభ్రంగా పనిచేస్తున్న కంప్యూటర్లని విండోస్ 11 వద్దంటోంది. మన బళ్ళలో, పంచాయతీ ఆఫీసుల్లో ఇలాంటివి ఎన్ని ఉంటాయో ఆలోచించండి. మన డబ్బుతో కొన్న మెషీన్ ఎన్నాళ్ళు బతకాలో ఇంకెవరో నిర్ణయిస్తున్నారు. ప్రభుత్వంలో ఓపెన్ సోర్స్‌కి ప్రాధాన్యం ఇవ్వాలని కేంద్రం 2015లోనే విధానం ప్రకటించింది. కేరళ తన సర్కారీ బళ్ళలో 2000ల మధ్యనుంచే చేసి చూపిస్తోంది. మన రెండు రాష్ట్రాలూ చెయ్యలేనంత కష్టమేమీ కాదు. టెండర్లో సాఫ్ట్‌వేర్ బ్రాండు పేరు రాయకుండా కావలసిన పనేమిటో, ఫైలు ఏ ఓపెన్ ఫార్మాట్‌లో ఉండాలో రాస్తే చాలు. మనలో చాలామందిమి ఆ టెండర్లకి స్పెక్స్ రాసేవాళ్ళమే, లేదా రాసేవాళ్ళకి సలహాలిచ్చేవాళ్ళమే.

ఎవరు ఏ డిస్ట్రో వాడాలన్నది వాళ్ళిష్టం. ఉబుంటు గొప్పా ఫెడోరా గొప్పా అని ఇంకో పాతికేళ్ళు కొట్టుకోవచ్చు, సరదాగానే ఉంటుంది. కానీ గేటు తాళం సంగతి తేల్చకుండా ఎన్నిసార్లు కొట్టుకున్నా, జనవరి జోకు జనవరి జోకుగానే మిగిలిపోతుంది.