ఎర రొయ్య

సింగరాయకొండ నుండి తూర్పుగా పాకల త్రోవ పట్టినచో, కొలది మైళ్ళలోనే నల్లరేగడి నేల సన్నగిల్లి, ప్రత్తియు మిరపయు పొగాకును వెనుకబడి, ఇసుకపర్రలును తాటితోపులును ఎదురై, వాటి నడుమ దక్షిణోత్తరముగా సాగిన బకింగుహాము కాలువను దాటిన పిమ్మట సముద్రఘోష వినవచ్చును. ఉత్తరమున పాలేరు, దక్షిణమున మన్నేరు వానకాలమున మాత్రమే నిండుగా పారి కడలిని చేరుచుండును. తక్కిన కాలమున వాని మొగలయందు మంచినీరును ఉప్పునీరును ఒకదానినొకటి త్రోసికొనుచు, ఏది ఎవరి సరిహద్దో తెలియని మధ్యజలము నిలిచి యుండును. నేను చెప్పదలచిన కథకు ఆ నీటిలో పెరుగు రొయ్య నాయకుడు. రొయ్యను గూర్చి మన ప్రకాశము జిల్లాలో కొన్ని దశాబ్దములుగా జరుగుచున్న చర్చ యంతయు ధర, ఎగుమతి, చెరువు, తెగులు అను మాటల చుట్టును తిరుగుచున్నది. అంతకు పూర్వము అది గాలపు మొనకు గ్రుచ్చబడి, తనకంటె ఎన్నో మడుగులు పెద్దదైన చేపను ఒడ్డునకు తెచ్చు ఎరయై, నిరుపేద వేటగానికి పెట్టుబడియై యుండెనను సంగతిని తలచువారు అరుదు.

రొయ్య జీవితమున రెండు యాత్రలు కలవు. కడలిలో పుట్టిన పిల్ల, కంటికి ఆనీయానని సన్నని నూలుపోగువలె, పోటునీటితో పాటు ఏటిమొగ దాటి లోనికి వచ్చి, అచ్చటి బురదలోను నాచులోను కొన్ని నెలలు మేసి, వ్రేలిపొడవు పెరిగి, ఆశ్వయుజ కార్తికముల వానలకు ఏరులు పొంగి నీరు చప్పబడగానే ఆటునీటి వెంట మరల సముద్రమునకు మరలిపోవును. ఈ తిరుగుయాత్ర ఎప్పుడు సాగునో మనుష్యునికంటె ముందుగా చేపలకు తెలియును. పండుగప్ప, మాగ, పార, జెల్ల మొదలగునవి మొగ దగ్గర పొంచియుండి దిగివచ్చు రొయ్యగుంపులను మెక్కుచుండును. చేప దేనిని వెదకుచు వచ్చుచున్నదో దానినే గాలమునకు కట్టవలెనను వివేకము ఈ తీరవాసులకు ఏ గ్రంథము వలనను గలిగినది కాదు. నీటిని చూచి నేర్చినది.

గ్రంథస్థమైన గాలపు విద్యయు మనకు లేకపోలేదు. పండ్రెండవ శతాబ్దమున కళ్యాణి చాళుక్య చక్రవర్తియైన మూడవ సోమేశ్వరుడు సంస్కృతమున రచించిన మానసోల్లాసమున మత్స్యవినోదమను ప్రకరణమొకటి కలదు. అందు మీనజాతులు, వాని నివాసములు, వానికి వేయదగిన మేతలు, గాలము, త్రాడు, ఎర మున్నగునవన్నియు రాజోచితమైన క్రీడకు అంగములుగా వర్ణింపబడినవి. ఇరువదవ శతాబ్ది నడుమ సుందర్‌లాల్ హోరా అను మత్స్యశాస్త్రవేత్త ఆ ప్రకరణమును శ్రద్ధగా పరిశీలించి, అందలి పరిజ్ఞానమును ఆధునికుల దృష్టికి తెచ్చెను. రాజు ఆడుకొనుటకు చేపను పట్టును గనుక దానిని మేతతో మచ్చిక చేయు తీరికయు ఆయనకు ఉండెను. పాకల ఒడ్డున తెప్ప త్రోయువానికి ఆ తీరిక ఏది? ప్రొద్దు గ్రుంకులోపల ఒక మాగయైన చేతికి చిక్కనిచో ఆనాటికి పొయ్యి రాజదు. అందుచేతనే చేప కాదనలేని ఎర, ప్రాణముతో కదలాడు రొయ్య, అతనికి కావలసివచ్చినది.

ఆ రొయ్యను సంపాదించుట వేరొక విద్య; అందు ఈ తీరమున యానాదులను మించినవారు లేరు. ఆటుకు నీరు తీసిన వేళ ఉప్పుటేటిలో మోకాలి లోతున వంగి, రెండరచేతులను బురదపై మెల్లమెల్లగా ముందునకు నెట్టుచు, పగటివేళ బురదలో ఒదిగి పరుండు రొయ్య వ్రేళ్ళకు తగిలినంతనే అది వెనుకకు చివుక్కుమని దుముకునని ఎరిగినవారు గనుక వెనుకచేతిని ముందే అడ్డుపెట్టి ఒడిసిపట్టి, తాటాకు బుట్టలో వేసికొందురు. రాత్రివేళ దీపము చూపినచో నీటిలో రొయ్యల కన్నులు ఎఱ్ఱగా మెరయును. అప్పుడు విసురువల చాలును. వలకు పెట్టుబడి కావలెను, చేతికి అక్కరలేదు. ఈ చేతివేట యంత సూక్ష్మమైన స్పర్శజ్ఞానము మరియే వృత్తిలోనైనను కలదా యని నేను తరచుగా ఆలోచింతును; దానిని చదువని పనిగా లెక్కించి ప్రక్కకు నెట్టుట మన చదువునకే లోపము.

పట్టిన రొయ్యను గాలమునకు ఎక్కించుటయు తేలిక గాదు. బ్రతికిన రొయ్య తలమీద రంపపుపండ్లు గల కొమ్మొకటి యుండును. ఆ కొమ్ము మొదటికి వెనుకగా, పలుచని పెంకు గుండ కనబడు నల్లని మచ్చ దాని ప్రాణస్థానము. గాలపు మొన ఆ మచ్చను తాకకుండ పెంకు క్రిందుగా అడ్డముగ దూసినచో రొయ్య చాలసేపు కాళ్ళాడించుచు నీటిలో నిలుచును. వెంట్రుకవాసి తప్పినను అది తెల్లబడి చచ్చును. ప్రవాహము బలముగా నున్నచోట తోకచివరి రెక్కలను త్రుంచి, ఆ గాయము నుండి గాలమును పొట్టవైపుగా ఎక్కింతురు; తోక నుండి కారు రసపు వాసన చేపను దూరము నుండి పిలుచును. చచ్చిన రొయ్యయైనచో తల తీసి పెంకు ఒలిచి, మెత్తని కండను మొన కనబడకుండ చుట్టవలెను. గాలము మ్రింగిన పండుగప్ప తల విదిలించి ఎగురును గనుక, ఆ క్షణమున త్రాడు బిగువు సడలనీయరాదు. నైలాను రాకముందు ఆ త్రాడు ప్రత్తినూలుతోనో జనపనారతోనో పేనినది. ఉప్పునీటికి చివుకకుండ చెట్టుపట్టల కషాయములో నానబెట్టి ఆరవేసెడివారు. మెట్టచేల పంటకును తీరపు వేటకును గల సంబంధము ఈ త్రాటిలోనే కనబడును.

ఈ తీరపు చేపలను తొలుత కాగితమునకెక్కించినవారిలో ప్యాట్రిక్ రస్సెల్ అను వైద్యుడు ముఖ్యుడు. ఆయన విశాఖపట్టణమున సేకరించిన రెండు వందల చేపల చిత్తరువులు 1803లో లండనునందు రెండు సంపుటములుగా వెలువడినవి. వానిలో మాగ, పార వంటి తెలుగు పేళ్ళు జాలరుల నోట విన్నవి విన్నట్లుగా ఆంగ్లలిపిలో చోటు చేసికొనినవి. 1875 మొదలు ఫ్రాన్సిస్ డే భారతదేశపు మత్స్యములను గూర్చిన మహాగ్రంథమును వెలువరించెను. 1907లో నికల్సన్ దొర పూనికతో మద్రాసు ప్రభుత్వమున మత్స్యశాఖ ఏర్పడెను. పిమ్మట దాని నడిపిన జేమ్స్ హార్నెల్ మద్రాసు ప్రెసిడెన్సీ తీరములందలి వేటపద్ధతులను వర్ణించి 1925 ప్రాంతమున ప్రకటించెను. ఆనాటికి సింగరాయకొండ నెల్లూరు జిల్లాలోనిది. 1970లో క్రొత్త జిల్లా ఏర్పడినప్పుడు ఒంగోలు పరిధిలోనికి వచ్చెను. రెండేండ్లకు ఆ జిల్లాకు ప్రకాశము పేరు వచ్చెను.

రొయ్య ఎర స్థానము నుండి తప్పుకొనుటకు కారణము మన తీరమున పుట్టలేదు, పడమటి తీరమున పుట్టినది. 1952 అక్టోబరులో భారతదేశమును నార్వేయును ఐక్యరాజ్యసమితియు చేసికొనిన ఒడంబడిక చొప్పున కొల్లము చెంత నీండకరలో మత్స్యాభివృద్ధి పథకము మొదలైనది. ఆ దశకముననే కొచ్చి నుండి గడ్డకట్టించిన రొయ్యలు అమెరికాకు ఓడలలో పోసాగినవి. బీదల కూరయు, ఎండించి పొట్టుగా అమ్మునదియు అయిన రొయ్య ఒక్కసారిగా డాలర్లు తెచ్చు సరకైనది. ఆ నార్వే దేశమే గాలములకు ప్రసిద్ధము. 1832లో స్థాపితమైన మస్తాద్ కర్మాగారము 1877 నుండి యంత్రముతో గాలములను పోతపోసినంత సమముగా చేసి లోకమంతటికి పంపుచుండెను. ఒక దేశపు చేతినుండి మనకు గాలమును వచ్చెను, దానికి ఎర కరవగుటకు హేతువును వచ్చెను. కావలెనని చేసినది గాకున్నను, నాకు ఈ యోగము చాల చింత కలిగించును. మర పడవలు, రొయ్యకు వేయు డిస్కో వలలు తూర్పుతీరమునకు వచ్చినకొలది, ఒడ్డుననే తూకము వేసి కొను వ్యాపారి రాగా, పూట బత్తెమునకు సరిపోవు రొయ్యను గాలమునకు గ్రుచ్చి నీటిలో విడుచుటకు ఎవనికి చేయాడును? కవళ్ళ వంటి చౌక చేపల ముక్కలు దాని స్థానమును ఆక్రమించినవి.

పిదప వచ్చినవి చెరువులు. టైగరు రొయ్య సాగు 1990 తరువాత నెల్లూరు ప్రకాశము తీరములను ముంచెత్తినది. హేచరీలు చాలినన్ని లేని తొలినాళ్ళలో పిల్లను ఉప్పుటేరులలోనే సన్నవలలతో వడగట్టి అమ్మిరి. ఒక్క టైగరు పిల్లకై దానితో పాటు వలలో పడిన ఇతర జాతుల పిల్లలను ఇసుకపై పారవైచుట పరిపాటియైనది. 1994లో తెల్లమచ్చ తెగులు తగిలి చెరువులు చెరువులుగా తుడిచిపెట్టుకొని పోయినవి. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీర ప్రాంతపు రొయ్యల సాగుపై కఠినమైన తీర్పునిచ్చెను. 2005లో పార్లమెంటు తీరజలసాగు ప్రాధికార సంస్థకు చట్టము చేసెను. 2009 నుండి పసిఫిక్ సముద్రపు వెనామీ రొయ్యకు అనుమతి లభించి, నేడు మన చెరువులలో అధికభాగము అదియే. ఈ తీరపు ఏటిమొగలను ఎరుగని పరదేశి రొయ్య అది.

ఇంత జరిగిన తరువాత ఎరయను మాట రొయ్య చరిత్రలో మరల తల యెత్తిన తీరు విచిత్రము. 2016 డిసెంబరులో ఆస్ట్రేలియాలోని లోగన్ నదీతీరపు రొయ్య చెరువులలో తెల్లమచ్చ తెగులు బయటపడగా, ఆసియా దేశముల నుండి తినుటకై దిగుమతియైన పచ్చి రొయ్యలను అచ్చటి సరదా వేటగాండ్రు గాలములకు ఎరగా వాడుటవలన ఆ వ్యాధి నీటిలోనికి వచ్చి యుండవచ్చునను అనుమానము బలముగా తోచి, 2017 జనవరిలో ఆ ప్రభుత్వము పచ్చి రొయ్యల దిగుమతిని కొంతకాలము నిలిపివేసినది. గడ్డకట్టించినంత మాత్రమున ఆ వైరసు నశింపదు. ఎవరో అంగడిలో కూరకై కొన్న రొయ్యలలో రెండు మిగుల్చుకొని, సాయంకాలము ఏటి ఒడ్డున గాలమునకు గ్రుచ్చుటవలన ఒక పరిశ్రమకు భయము పట్టినదన్నమాట. పాకల తీరమున ఎరయు చేపయు ఒకే నీటివి. ఒకదాని రోగము రెండవదానికి క్రొత్త గాదు. ఎర ఒక సముద్రమునుండి మరియొక సముద్రమునకు ప్రయాణము చేయ మొదలిడిన నాటి నుండియే ఈ ఆపద.

ఇప్పటికిని గాలపువేట పూర్తిగా అంతరింపలేదు. ఏటేట ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు, చేపలు గ్రుడ్లు పెట్టు కాలమున, తూర్పుతీరమున మర పడవల వేట అరువదియొక్క దినములు నిషిద్ధము. యంత్రము లేని సంప్రదాయ నావలకు ఆ నిషేధము లేదు. ఆ రెండు నెలలు తెడ్డుతో పోవు తెప్పకును, దానిలోని గాలపు త్రాటికిని మరల కొంత విలువ గలుగును. అయితే అది నడివేసవి. మన్నేరు పాలేరులలో పారుదల ఉండదు, మొగలలో ఇసుక మేట వేయును. మొగ మూసికొన్నచో పోటునీరు లోనికి రాదు, నీటితో రావలసిన రొయ్యపిల్లయు రాదు. రేవులకును చెరువులకును లెక్కలు కట్టు శాఖలవారు, ఈ రెండు మొగల లోతును కూడ ఏటేట వేసవిలోను వానల తరువాతను కొలిపించి వ్రాసియుంచినచో, యానాది స్త్రీల బుట్టలో రొయ్య ఏ సంవత్సరము ఎందుకు తగ్గినదో ఊహలతో పనిలేకుండ తెలియగలదు.