లాస్ ఏంజెలెస్ సిటీ హాల్: కంటికి కనబడని మరమ్మతు

లాస్ ఏంజెలెస్ నగరపాలనకు కేంద్రమైన సిటీ హాల్ 1928లో ప్రారంభమైంది. జాన్ పార్కిన్సన్, ఆల్బర్ట్ సి. మార్టిన్, జాన్ సి. ఆస్టిన్ దీని రూపశిల్పులు. ఎత్తు 454 అడుగులు. ఆ రోజుల్లో ఊళ్లో ఏ భవనమూ 150 అడుగులు దాటకూడదని నిబంధన ఉండేది. దీనికి మాత్రం మినహాయింపు దక్కింది. 1957లో ఆ నిబంధన ఎత్తేశాక కూడా కొన్నేళ్లపాటు దీన్ని మించిన కట్టడం అక్కడ లేవలేదు.

కింది అంతస్తులకు కాలిఫోర్నియా గ్రానైటు, పై గోపురానికి టెర్రకోట పలకలు తొడిగారు. శిఖరానికి ప్రాచీన హాలికర్నాసస్ సమాధి మందిరం నమూనా. గోపురం కాంక్రీటులో రాష్ట్రంలోని 58 కౌంటీల ఇసుక, 21 పాత క్రైస్తవ మిషన్ల నీళ్లు కలిపారు. దానివల్ల గోడకు ప్రత్యేకంగా బలమేమీ రాదు. రాష్ట్రమంతటికీ ఇందులో వాటా ఉందని చాటడమే ఉద్దేశం.

1971, 1994 భూకంపాలు ఈ భవనాన్ని దెబ్బతీశాయి. పైపై పగుళ్లు పూడ్చి ఊరుకుంటే సరిపోదని తేలడంతో 1998లో అసలు పని మొదలైంది. స్తంభాల బరువును జాకీల మీదికి మళ్లించి, స్తంభాలను అడుగున కోసి, ఆ సందుల్లో రబ్బరు, ఉక్కు పొరలు ఒకదానిపై ఒకటి పేర్చి చేసిన దిమ్మెలు అమర్చారు. ఇవి నిలువు బరువును గట్టిగా మోస్తాయి, అడ్డంగా మాత్రం సాగుతాయి. కింద నేల విసురుగా కదిలినా పైన భవనం నెమ్మదిగా ఊగుతుంది. ఆ ఊపు హద్దు మీరకుండా డ్యాంపర్లు పట్టి ఉంచుతాయి. భవనం అటూఇటూ జరగడానికి చుట్టూ కందకంలా ఖాళీ వదిలారు. గోపురం లోపల కొత్త కాంక్రీటు గోడలూ లేపారు. 8.2 తీవ్రత గల భూకంపాన్ని తట్టుకోవాలన్నది లక్ష్యం.

2001లో ముగిసిన ఈ పనికి దాదాపు 30 కోట్ల డాలర్లు ఖర్చయ్యాయి. అట్లాంటిక్‌ను ఒంటరిగా దాటిన విమాన చోదకుడు లిండ్‌బర్గ్ పేరిట 1928లో వెలిగి, తర్వాత ఏళ్ల తరబడి మూలనపడిన శిఖర దీపం కూడా ఆ ఏడాదే మళ్లీ పైకెక్కింది. దారిన పోయేవారికి కనిపించిన పెద్ద మార్పు అదొక్కటే. సొమ్మంతా నేల కింద పోశారన్న విమర్శ సులువే గానీ, 1928 నాటి రూపం చెడకుండా ఇంత ఎత్తైన భవనాన్ని భూకంపానికి సిద్ధం చేయడానికి అంతకన్నా మంచి దారి లేదు.