శిక్ష లేని శాసనము

1872 మార్చి 1న అధ్యక్షుడు గ్రాంటు సంతకముతో అమెరికాలోని యెల్లోస్టోన్ వనము ప్రజల వినోదార్థము ప్రత్యేకింపబడెను. విచ్చలవిడి వేటను అరికట్టవలెనని శాసనము చెప్పెనే గాని, అతిక్రమించినవానికి శిక్ష యేమో చెప్పలేదు. నిధులును లేవు. తొలి పర్యవేక్షకుడు లాంగ్‌ఫర్డు 5 ఏండ్లు జీతము లేకయే ఆ పదవిలో నుండెను. వనమునకు వచ్చినది బహు అరుదు. జీతము లేని కొలువునకు హాజరు మాత్రమెట్లుండును?

1886లో కావలికి సైన్యమునే దింపవలసివచ్చెను. 1894 మార్చిలో హోవెల్ అనువాడు బైసన్ దున్నలను చంపి తోళ్ళు ఒలుచుచు చిక్కెను. సైన్యము చేయగలిగినదెల్ల వానిని వనము వెలుపలికి సాగనంపుటయే! ఈ సంగతి పత్రికకెక్కగా దేశమున అలజడి రేగెను. ఆ యేడు మే 7న లేసీ శాసనము వెలువడి, 1000 డాలర్ల వరకు జరిమానాను, 2 ఏండ్ల వరకు చెరను విధించెను. అయినను 1902 నాటికి వనములో లెక్కకు వచ్చిన అడవి బైసన్ దున్నలు సుమారు 23 మాత్రమే.